ముప్పై ఎనిమిది నడుం

ఆ ఏడాదిలో ప్యాంటు బిగించమని పీపా కుట్టుగదికి రావడం అది నాలుగోసారి. మొదటిసారి వచ్చినప్పుడు టైలరు మాస్టారు నవ్వాడు. రెండోసారి "అబ్బో" అన్నాడు. మూడోసారి ఏమీ అనలేదు. నాలుగోసారి మాత్రం ఆయన కడుపులో ఎవరో అగ్గిపుల్ల గీసి పడేసినట్టయింది.

"అన్నయ్యా, రెండంగుళాలు పట్టాలి," అంటూ పీపా నడుం దగ్గర గుడ్డని గుప్పిట్లో పట్టి చూపించాడు. "బస్సెక్కుతుంటే జారిపోతోంది. నిన్న మా కండక్టరమ్మ ముందు పరువు పోవాల్సింది, చెయ్యి అడ్డుపెట్టుకుని బతికిపోయాను."

పీపా అన్నది అమ్మా నాన్నా పెట్టిన పేరు కాదు, బస్సు డిపో మొత్తం కలిసి పెట్టింది. ఒకప్పుడు అతను డ్రైవరు సీట్లో కూర్చుంటే స్టీరింగుకీ పొట్టకీ మధ్య వేలు దూరేది కాదు. డిపోలో యూనిఫాంలు కుట్టే మాస్టారికి స్వయానా తోడల్లుడు. మాస్టారు అక్కని చేసుకున్నాడు, పీపా చెల్లెల్ని. ఇంట్లో ఏ శుభకార్యమైనా ఫొటోలు తీసేటప్పుడు మాస్టారు ఎగబడి మరీ పీపా పక్కన నిలబడేవాడు. పీపా పక్కన నిలబడితే ఎవడైనా సన్నగానే కనపడతాడు. పదిహేనేళ్ళు అలా హాయిగా గడిచిపోయాయి. లావు గురించి ఎవరు నోరెత్తినా చూపులన్నీ పీపా మీదికే పోయేవి. ఆ చాటున మాస్టారు తన పొట్టని దాచుకున్నాడు.

నిరుడు డ్రైవర్ల వైద్య పరీక్షల్లో ఆ చాటు కాస్తా పోయింది. పీపాకి బీపీ ఉందన్నారు, షుగరు వచ్చిందన్నారు. నిద్రలో గురకతో పాటు ఊపిరి ఆగి ఆగి వస్తోందనీ, అందుకే పగలు స్టీరింగు ముందు కళ్ళు మూతలు పడుతున్నాయనీ తేల్చారు. డాక్టరు మొహమాటం లేని మనిషి. "ఈ ఒంటితో నీకు బస్సిస్తే నీ ఒక్కడి ప్రాణమే కాదయ్యా, వెనక కూర్చున్న వాళ్ళ ప్రాణాలు కూడా నీ పొట్ట మీదే ఉంటాయి," అన్నాడు. బస్సు దించి గేటు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టారు. వచ్చే పోయే బస్సుల నెంబర్లు రాసుకునే పని.

పాతికేళ్ళు బస్సు తోలినవాడికి అంతకంటే తలవంపు లేదు. పీపా మందుబిళ్ళలు మొదలుపెట్టాడు, ప్లేటు సగం చేశాడు, తన రూటు ఈ చివర నుంచి ఆ చివరకి కాలినడకన తిరగడం మొదలుపెట్టాడు. స్టాపు స్టాపుకీ ఆగి, ఆయాసం తీర్చుకుని, మళ్ళీ నడక. చూసినవాళ్ళు "బస్సు లేకపోయినా స్టాపులు మానడం లేదు" అని నవ్వారు. నవ్వినవాళ్ళే తరవాత నోళ్ళు వెళ్ళబెట్టారు. పద్దెనిమిది కిలోలు తగ్గాడు. బస్సు తిరిగి చేతికొచ్చింది, షరతు మీద. ఆరు నెలలకోసారి పరీక్ష. అందులో తేడా వచ్చిందా, ఇక స్టీరింగు మాట మర్చిపోయి రిటైరయ్యేదాకా గేటు దగ్గరే. తరవాతి పరీక్షకి ఇంకా నెల గడువుంది.

మాస్టారికి ఈ లావుల సంగతి తెలియక కాదు. డాక్టరు కంటే ఆయనకే ముందు తెలుస్తుంది. ఇరవై ఏళ్ళ కొలతల పుస్తకాలు కుట్టుగది అలమరలో వరసగా ఉన్నాయి. స్టోర్సు గుమాస్తా ముప్పై రెండు నడుంతో ఉద్యోగంలో చేరి నలభై నాలుగుకి వచ్చేసరికి మోకాళ్ళు పోయి కర్ర పట్టుకున్నాడు. టైమ్‌కీపరుకి నడుం నలభై రెండుకి చేరాక గుండెకి స్టెంటు వేశారు. టైర్ల సెక్షను మేస్త్రీ నలభై ఆరు దాటిన ఏడాదే కాలూ చెయ్యీ పడిపోయి ఇంటికి చేరాడు. ఒకప్పుడు డిపోలో పొట్ట ఉన్నవాణ్ణి వేళ్ళ మీద లెక్కపెట్టేవారు. ఇప్పుడు కొలతలకి ముగ్గురొస్తే ఇద్దరికి నడుం పట్టీ మీద మడత వేలాడుతోంది, కండక్టరమ్మలతో సహా. గుడ్డ తాను మాత్రం అప్పటి పొడుగే. అందులోంచి వచ్చే ప్యాంట్లు తగ్గిపోయాయి.

అన్ని పుస్తకాల్లోనూ పెరగని అంకె ఒక్కటే, మాస్టారి నడుం. ముప్పై ఎనిమిది. ఆరేళ్ళుగా ముప్పై ఎనిమిదే. ఏటా తన టేపుతో తనే కొలుచుకుని, ఎర్రసిరాతో రాసుకుని, కింద గీత కూడా గీసుకునేవాడు. ఆ టేపు పని నేర్పిన గురువు ఇచ్చింది. గుడ్డ టేపు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన మెడలోనే ఉంది. స్టోర్సు వాళ్ళు కొత్త టేపులు పంపితే పైకాయితం కూడా విప్పకుండా సొరుగులో పడేసేవాడు. "చేతికి అలవాటైన టేపు పెళ్ళాం లాంటిది, మార్చకూడదు," అనేవాడు. పెళ్ళాం వింటే ఏమనేదో.

ఆ పెళ్ళామే పుండు మీద కారం చల్లింది. నాలుగోసారి పీపా ప్యాంటు ఇచ్చి వెళ్ళిన రోజు సాయంత్రం, చెల్లెలింటి నుంచి వస్తూనే మొదలెట్టింది.

"మరిది గారిని చూశారా? ఆ లేత నీలం చొక్కాలో పెళ్ళికొడుకులా ఉన్నారు."

"ఆ చొక్కా కుట్టింది నేను."

"చొక్కా ఎవరు చూశారండీ? నేను చెప్పేది మనిషి గురించి." చెప్పులు విడిచి కుర్చీలో కూలబడింది. "మీరూ ఆయనతో పాటు నడవొచ్చుగా. రెండు మెట్లెక్కితే రొప్పుతారు. మీ గురకకి పక్కింటి వాళ్ళు కిటికీ మూసుకుంటున్నారు."

"నాది ముప్పై ఎనిమిది! ఆరేళ్ళ నుంచి వెంట్రుకవాసి కదల్లేదు!"

"అంకె కదల్లేదు లెండి. మంచం కదిలింది. మీ వైపు వంగిపోయింది, చూసుకోండి."

మాస్టారు కంచం ముందుకి లాక్కుని, కోపానికి ఇంకో రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆవిడ తనని పెళ్ళికొడుకులా ఉన్నావని ఎప్పుడన్నా అందా? పెళ్ళినాడైనా అందా? వాడు, ఆ పీపాగాడు, ఏడాది రోడ్లమ్మట తిరిగితే అయిపోయాడు పెళ్ళికొడుకు. ఆ ప్యాంటు బిగించింది ఎవరు? ఆ నడుంకి ఆ తీరు తెచ్చింది ఎవరి కత్తెర?

మర్నాడు పీపా ప్యాంటు మిషను మీద పెట్టాడు. రెండంగుళాలు పట్టమన్నాడు కదా, సుద్దతో రెండంగుళాల దగ్గరే గీత గీశాడు. గీసి, ఆ గీతనే కాసేపు చూశాడు. తరవాత దాన్ని బొటనవేలితో తుడిచేసి మూడంగుళాల దగ్గర ఇంకోటి గీశాడు. మిషను తొక్కుతుంటే ఆ ఏడాదిలో ఎప్పుడూ లేనంత హుషారు వచ్చింది. ఈల కూడా వేశాడు.

నాలుగు రోజులకి పీపా వచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అన్నయ్యా, బొత్తం పట్టడం లేదు."

"నువ్వు చెప్పినట్టే పట్టాను తమ్ముడూ. రెండంగుళాలు."

"అదే నా భయం కూడా. మళ్ళీ పెరుగుతున్నానా? ఒకసారి టేపు పెట్టి చూడు, నీకు పుణ్యముంటుంది."

మాస్టారు మెడలోంచి టేపు తీసి చుట్టాడు. పోయిన వారం ముప్పై అయిదు. ఇవాళా ముప్పై అయిదే, ఇంకా ఓ గీత తక్కువే. టేపు చుట్టిన చేతుల మధ్య పీపా ఊపిరి బిగపట్టి నిలబడ్డాడు. అంత నమ్మకంగా ఆ మనిషి నిలబడి ఉంటే మాస్టారికి ఇంకా ఒళ్ళు మండింది.

"ముప్పై ఆరు," అన్నాడు.

"వారంలో అంగుళమా!"

"గుడ్డకి నీ మీద కక్షేముంటుంది తమ్ముడూ? ఉన్నదే చెప్తుంది."

డిపో క్లినిక్కులో తూకం మిషను బాగుకి పోయింది. ఉన్నా పీపా ఎక్కేవాడు కాదు. "మిషన్లు నాకొద్దు, మా అన్నయ్య కుట్టిన ప్యాంటే నా తూకం," అని డిపో అంతా చెప్పుకు తిరిగేవాడు. ఆ తూకంలోనే మాస్టారు రాయి వేశాడు. పై వారం బొత్తం ఊడిందని రెండో ప్యాంటు తెస్తే దాన్నీ అంగుళం లోపలికి పట్టేశాడు.

అక్కణ్ణించి పీపా తిండి మానేశాడు. పొద్దున ఒక గుడ్డు, పంచదార లేని టీ, అంతే. బిళ్ళలు మాత్రం వేళ తప్పకుండా మింగేవాడు. మధ్యాహ్నం క్యారేజీ మూత కూడా తీయకుండా కుట్టుగదికి పట్టుకొచ్చేవాడు.

"నువ్వు తినెయ్ అన్నయ్యా. వెనక్కి పట్టుకెళ్తే మీ మరదలు కన్నీళ్ళు పెట్టుకుంటుంది. పారెయ్యడానికి మనసు రాదు."

మరదలి చేతి వంట బాగుంటుంది. భార్య పెట్టిన క్యారేజీ తిని, పైన పీపా క్యారేజీ కూడా తినేవాడు మాస్టారు. పది రోజులు తిన్నాడు. నములుతూ కిటికీలోంచి చూసేవాడు, బస్సులు కడిగే చోట పీపా నీళ్ళ పంపు కింద తల పెట్టి మొహం కడుక్కుంటూ ఉండేవాడు. కాళ్ళు తూలుతున్నాయేమో అని ఒకటి రెండుసార్లు అనుమానం వచ్చింది. వచ్చిన అనుమానాన్ని గుటకతో పాటు మింగేశాడు. ఒకరోజు చూస్తే పీపా బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. "అది కూడా వీడికి అందంగానే ఉంది," అనుకున్నాడు, ఏడుపుగా.

పదకొండో రోజు పొద్దున పదింటికి డిపోలో గగ్గోలు పుట్టింది. పీపా స్టీరింగు మీద వాలిపోయాడట. నలభై మంది ఉన్నారట బస్సులో. మాస్టారు కత్తెర అక్కడే పారేసి క్లినిక్కుకి పరిగెత్తాడు. ఇరవై మెట్లు. పైకెక్కేసరికి కళ్ళ ముందు చుక్కలు తిరిగాయి, గోడ పట్టుకుని రొప్పుతూ తలుపు దగ్గరే ఆగిపోయాడు.

పీపా మంచం మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా చెమటకి తడిసి ముద్దయింది. చేతిలో పంచదార నీళ్ళ గ్లాసు. కండక్టరమ్మ జరిగింది చెబుతోంది.

"చెమటలు పడుతున్నాయన్నాడు. చేతులు వణుకుతుంటేనే బండిని పక్కకి తీశాడు సార్. హ్యాండ్‌బ్రేకు వేశాకే తల వాల్చాడు. నేను టీ బండి దగ్గర పంచదార తెచ్చి నోట్లో పోశాను. ఇంకో నిమిషం ఆలస్యమైతే ముందు వంతెనే ఉంది."

డిపో మేనేజరు కాయితం తీసి పెన్ను మూత విప్పాడు. "కారణం లేకుండా స్టీరింగు మీద స్పృహ తప్పాడని రాయాలి. అలా రాస్తే నీకు ఇక బస్సు లేదు. నాకూ బాధగానే ఉంది."

"కారణం ఎందుకు లేదు సార్?" అంది నర్సమ్మ. "షుగరు బిళ్ళ మింగి తిండి మానేస్తే ఎవరైనా పడతారు. ఏమయ్యా, ఎందుకు మానేశావు?"

"నడుం పెరుగుతోంది సిస్టర్. పరీక్ష దగ్గరికొచ్చింది."

బాగై వచ్చిన తూకం మిషను మూలనే ఉంది. నర్సమ్మ అతన్ని పట్టుకుని ఎక్కించింది. అంకె చూసి, కార్డు చూసి, మళ్ళీ అంకె చూసింది.

"నడుం పెరగడమేంటి? పోయినసారి మీద నాలుగు కిలోలు తగ్గావు."

"మరి ప్యాంటు బిగుతయింది కదమ్మా."

"అయితే ప్యాంటులోనే ఏదో తేడా ఉండుంటుంది."

"ప్యాంటునేం అనకండి," అన్నాడు పీపా. గొంతు పీలగా ఉన్నా ఆ మాట మాత్రం గట్టిగా వచ్చింది. "మా అన్నయ్య చెయ్యి పొరపాటు పడదు. టేపు పెట్టి మరీ చూశాడు. నేనే ఎక్కడో కక్కుర్తి పడి తినుంటాను. తిని మర్చిపోయుంటాను."

"అదీ నీ తప్పే అవుతుంది మరి," అన్నాడు మేనేజరు. "తిండి దగ్గర నిర్లక్ష్యం అని రాసినా ఫలితం ఒకటే." పెన్ను కాయితం మీద పెట్టాడు.

మాస్టారు తలుపు దగ్గర నిలబడే ఉన్నాడు. నోరు మెదపక్కర్లేదు. ఊరికే నిలబడితే చాలు, ఏడాదిగా కోరుకున్నదంతా జరిగిపోతుంది. పీపా గేటు దగ్గర స్టూలెక్కుతాడు. దిగులుకి తింటాడు. మళ్ళీ పీపా అవుతాడు. మళ్ళీ ఫొటోల్లో పక్కన నిలబడొచ్చు. అన్నీ కళ్ళకి కట్టినట్టు కనపడ్డాయి. కానీ ఆ "మా అన్నయ్య చెయ్యి" అన్న మాట మింగుడు పడలేదు. తిట్టినా బాగుండేది. అనుమానించినా బాగుండేది. తిండి లేక పడిపోయి కూడా వీడు మంచివాడిగానే మిగలాలా? అందులోనూ వీడిదే పైచెయ్యి కావాలా?

"రాయకండి సార్," అన్నాడు.

జేబులోంచి కుట్లు విప్పే చిన్న బ్లేడు తీసి మంచం దగ్గరికి నడిచాడు. పీపా నడుం వెనక పట్టీ తిరగేసి, చరచరా కుట్టు తెంచాడు. బిగబట్టిన గుడ్డ ఉసూరుమన్నట్టు వదులైంది.

"ఇదిగో ఇక్కడ రెండంగుళాల గీత, తుడిచేశాను. ఇదిగో మూడు. అడిగిన దానికంటే అంగుళం లోపలికి పట్టాను. తెలిసే పట్టాను. టేపు పెట్టి ముప్పై ఆరన్నదీ అబద్ధమే. రాయాలంటే నా మీద రాయండి."

పీపా ఆ గీతని చూశాడు, మాస్టారి మొహం చూశాడు. ఎందుకు అని అడుగుతాడనుకున్నాడు మాస్టారు. దానికి జవాబు కూడబలుక్కుంటున్నాడు. పీపా అది అడగలేదు.

"పది రోజులు నా క్యారేజీ కూడా నువ్వే తిన్నావు కదన్నయ్యా," అన్నాడు.

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. కొలతల పుస్తకాలన్నీ మీద పడ్డా అంత దెబ్బ తగిలేది కాదు.

"రెండు క్యారేజీలా?" నర్సమ్మ కుర్చీ జరిపింది. "మాస్టారూ, మీరిలా రండి. ఇందాకట్నించీ చూస్తున్నాను, మెట్లెక్కి వచ్చి పావుగంటయింది, ఆ ఆయాసం ఇంకా తగ్గలేదు."

"నాకేం లేదమ్మా. నాది ముప్పై ఎనిమిది. ఆరేళ్ళుగా..."

ఆవిడ వినిపించుకోలేదు. బీపీ పట్టీ చుట్టి పెదవి విరిచింది. తన టేపు తీసి ఆయన పొట్ట చుట్టూ తిప్పింది. "నలభై."

"నీ టేపు తప్పు!" మాస్టారి పౌరుషం పొడుచుకొచ్చింది. చేసిన తప్పు ఒప్పుకున్న నోరే వృత్తి మాట వచ్చేసరికి లేచింది. "ఇరవై ఆరేళ్ళుగా కొలుస్తున్నాను, నాకు నేర్పుతావా? ఇదిగో నాది!"

రెండు టేపులూ బల్ల మీద పక్కపక్కన పరిచారు. మొదట్లో సమానంగానే ఉన్నాయి. పది దగ్గర చిన్న తేడా. ముప్పై దగ్గర పెద్ద తేడా. నర్సమ్మ టేపు అరవైకి వచ్చి ఆగిపోతే, మాస్టారి అరవై ఇంకా మూడంగుళాల అవతల ఉంది. గురువు గారి గుడ్డ టేపు ఇరవై ఆరేళ్ళుగా లాగించుకుని లాగించుకుని సాగిపోయింది. ఒంటిని కొలిచిందీ అదే, గుడ్డని కొలిచిందీ అదే, కాబట్టి ఏ ప్యాంటూ ఆయన్ని పట్టివ్వలేదు. కొట్లో కొన్న ప్యాంటు వేసుకునే మామూలు మనిషికైతే బొత్తం చెప్పేసేది. తన బట్టలు తనే కుట్టుకునేవాడికి చెప్పే దిక్కు లేకపోయింది. ఆయన ఎంత ఊరాడో టేపూ అంతే సాగింది, ముప్పై ఎనిమిది మాత్రం కదల్లేదు.

"అయితే మాస్టారూ," కండక్టరమ్మ తన నడుం వంక చూసుకుంది, "డిపోలో అందరం మీ పుస్తకంలో ఉన్నదానికంటే లావన్నమాట!"

అప్పుడు నవ్వాడు పీపా. ఒళ్ళు వణుకుతూనే, గ్లాసులో నీళ్ళు ఒలికేలా నవ్వాడు. నర్సమ్మ నవ్వింది, చివరికి మేనేజరు కూడా పెన్ను మూత పెడుతూ మీసం చాటున నవ్వాడు. మాస్టారికి ఆ నవ్వు మీద కూడా అసూయ పుట్టింది. అంత జరిగాక అలా నవ్వగలగడం కూడా వాడికే చేతనైంది.

పీపాకి రెండు వారాలు విశ్రాంతి ఇచ్చారు. పరీక్ష గట్టెక్కి మళ్ళీ బస్సెక్కాడు. మాస్టారికి మెమో వచ్చింది, ఇంక్రిమెంటు ఆగింది. ఇంట్లో భార్య వారం రోజులు కంచం పెట్టి మాట పెట్టలేదు. మరదలు ఎదురుపడితే మొహం తిప్పుకుంది. షుగరు అంచున ఉందనీ, బీపీకి బిళ్ళ తప్పదనీ నర్సమ్మ చీటీ రాసింది. ఒక లెక్క కూడా చెప్పింది. "టేపుల గొడవ వద్దు మీకు. మీ ఎత్తుకి సరిపడా నాడా కత్తిరించి సగానికి మడవండి. ఆ సగం నడుం చుట్టూ అందాలి. అందకపోతే గుండెకి బరువు ఎక్కువైనట్టే."

మాస్టారు కుట్టుగది తలుపు గడియ పెట్టుకుని నాడా కత్తిరించాడు. మడిచి చుట్టుకున్నాడు. బొడ్డు దగ్గర రెండు కొసలూ కలవలేదు. మధ్యలో జానెడుకి కాస్త తక్కువ ఎడం. ఊపిరి లోపలికి లాగి చూశాడు. వేలెడు దగ్గరయ్యాయి, ఊపిరి వదలగానే మళ్ళీ దూరమయ్యాయి. ఎవరూ లేరని తెలిసినా చుట్టూ చూసుకున్నాడు.

మర్నాడు తెల్లవారగానే తన ఇంటి ముందు పీపా నడుచుకుంటూ పోవడం కిటికీలోంచి కనపడింది. మాస్టారు చెప్పులేసుకుని బయటికొచ్చి, ఇరవై అడుగుల వెనక నడవడం మొదలుపెట్టాడు. పిలవలేదు. పిలవడానికి మొహం లేదు.

రెండో స్టాపు దాకా చూపు నేల మీదే పెట్టుకుని నడిచాడు. తరవాత తలెత్తితే ముందు పీపా ప్యాంటు వెనక వైపు కనపడింది. ఎవడో బయటి టైలరు బిగించాడు. నడుం పట్టీ దగ్గర కుట్టు వంకర. దారం రంగు కూడా కలవలేదు. మాస్టారి గుండెలో కలుక్కుమంది. పీపా బస్సులో పడిపోయినప్పుడు కూడా అంత కలుక్కుమనలేదు, అది ఆయనకే తెలుసు. ఆ వంకర కుట్టు కుట్టినవాడెవడో గానీ, తమ్ముడు ఇప్పుడు వాడి ముందు ఊపిరి బిగపట్టి నిలబడుతున్నాడు. వాడు చెప్పిన అంకె నమ్ముతున్నాడు.

మూడో స్టాపు దగ్గర మాస్టారికి రొప్పు ముంచుకొచ్చింది. స్తంభం పట్టుకున్నాడు. పీపా ఆగాడు గానీ వెనక్కి తిరగలేదు.

"ఆ ఊపిరేంటి, డొక్కు బండిలాగా," అన్నాడు రోడ్డు వైపే చూస్తూ. "నడిస్తే నడు. లేకపోతే ఇంటికి పో. స్టాపుకి ఒక నిమిషమే ఆగుతాను."

అన్నయ్యా అనలేదు. మాస్టారు ఆ పిలుపు కోసం చెవులు రిక్కించి చూశాడు, రాలేదు. నిమిషం అయిపోయింది. పీపా కదిలాడు, నుదుట చెమట చుక్క లేకుండా, చేతులూపుకుంటూ. ఆ ఊపు చూసి మాస్టారు పళ్ళు నూరాడు. స్తంభం వదిలి, ఆ వంకర కుట్టు మీదే కన్ను పెట్టి, వెనకే అడుగేశాడు.